లూజా, లూసా? ఒకేలా కనిపించే ఇంగ్లీషు మాటల్ని మన పిల్లలకి విడదీసి చెప్పడం ఎలా

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. ఇక్కడ తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష పేపర్లో ఇంగ్లీషు. వ్యాకరణం బాగానే వచ్చిన పిల్లలు కూడా ఒకేలా కనిపించే మాటల దగ్గర తడబడుతున్నారు. దరఖాస్తులో "నా సీటు పోతుంది" అని రాయాల్సిన చోట లూజ్ అనే మాటకి రెండు ఓలు వేస్తారు. ప్రిన్సిపాల్ గారికి రాసే లేఖలో ఆయన పదవినే పి-ఎల్-ఈతో ముగిస్తారు. కింద "యువర్స్ రెస్పెక్ట్‌ఫుల్లీ" ఉండాల్సిన చోట "యువర్స్ రెస్పెక్టివ్‌లీ" ఉంటుంది. గైడులో ఉన్న యాభై జతలూ గడగడా ఒప్పచెబుతారు. వారం తిరిగేసరికి ఏది ఏదో కలిసిపోతుంది.

ఏ జతలతో మొదలుపెట్టాలి? తేడాని తెలుగులో ఎలా పట్టించాలి? మెట్రిక్ తర్వాత బ్యాంకులోనూ తహసీల్ ఆఫీసులోనూ నిజంగా పనికొచ్చే జతలు ఏవి? ఇంకొక సంగతి, బడిలో ఒడియా గట్టిగా పట్టిన పిల్లలు చేసే తప్పులు ఒక రకం, తెలుగు ఎక్కువ వాడే పిల్లలవి ఇంకో రకం. దానికి కారణం ఉందా? అక్షరాలు విడివిడిగా చెబితే ఇంకా మేలు.

వంశధార, గుణుపురం:

మాస్టారూ, ఆ యాభై జతల పట్టీని ముందు పక్కన పెట్టండి. ఈ తప్పుల్లో చాలావాటికి కంటి కంటే నోరే కారణం. ఆ మాటలు పుస్తకంలో కనబడకముందే తెలుగులోకి వచ్చేసి, మన పలుకుబడి తొడుక్కుని స్థిరపడిపోయాయి. పిల్లవాడు రాసేటప్పుడు చెవిలో మోగేది ఆ తెలుగు రూపమే.

లూజునే చూడండి. బోల్టు లూజయింది, చొక్కా లూజుగా ఉంది, కొట్లో లూజు నూనె. వదులు అనే అర్థమున్న ఈ మాటని ఇంగ్లీషులో పలికేది లూస్ అని, చివర స. రాసేది ఎల్-ఓ-ఓ-ఎస్-ఈ. మనం దాన్ని జ చేసుకున్నాం. అయితే చివర జలా వినిపించే లూజ్ ఇంగ్లీషులో వేరే ఉంది. ఎల్-ఓ-ఎస్-ఈ, పోగొట్టుకోవడం, ఓడిపోవడం. అంటే మన లూజుకి అర్థం ఒక మాట నుంచి, పలుకు ఇంకో మాట నుంచి వచ్చాయి. పిల్లవాడు "పోగొట్టుకోవడం" రాయబోతూ మనసులో లూజ్ అనుకుంటాడు, చెయ్యి మాత్రం తనకి బాగా తెలిసిన రెండు ఓల మాట రాసేస్తుంది. అందుకని ముందు నోరు సరిచేయండి: వదులైతే లూస్, పోతే లూజ్. ఒక వారం పలికించడమే, రాయించడం వద్దు. పలుకు విడిపోయాక స్పెల్లింగుకి ఒక్క ఆనవాలు చాలు: వదులు చొక్కాలో ఇంకో ఓ పట్టేంత చోటు ఉంటుంది. నామవాచకం లాస్ మూడోది, ఎల్-ఓ-ఎస్-ఎస్. "వ్యాపారంలో లాసొచ్చింది" అని మనవాళ్ళు సరిగానే అంటారు కాబట్టి దానితో పేచీ లేదు.

ఇదే తరహాలో ఫారం. దరఖాస్తు ఫారమూ ఫారమే, కోళ్ళ ఫారమూ ఫారమే. మొదటిది ఎఫ్-ఓ-ఆర్-ఎమ్, రెండోది ఎఫ్-ఏ-ఆర్-ఎమ్. తెలుగులో ఒకే పలుకైపోయింది గనుక "కోళ్ళది ఏ, కాగితానిది ఓ" అని మొదటిరోజే తేల్చేయాలి. యూనిఫారం, ప్లాట్‌ఫారం రెండూ కాగితం వైపే, అంటే ఓ. డైరీ సంగతీ అంతే. రోజువారీ రాసుకునే పుస్తకం డి-ఐ-ఏ-ఆర్-వై, పలకడం డయరీ. పాల కేంద్రం డి-ఏ-ఐ-ఆర్-వై, పలకడం డెయిరీ. "డై" అని వినిపిస్తే డి పక్కనే ఐ, "డె" అని వినిపిస్తే డి పక్కన ఏ. డెయిరీ అని స్పష్టంగా పలకడం అలవాటైతే ఈ తప్పు దానంతట అదే పోతుంది.

ప్రిన్సిపాల్ దగ్గర మాత్రం మన తెలుగు పలుకే సాయం చేస్తుంది. ఇంగ్లీషులో రెండు మాటలూ ఒకేలా ప్రిన్సిపల్ అని వినిపిస్తాయి, చెవికి ఆధారం ఉండదు. మనం కాలేజీ పెద్దని దీర్ఘం ఇచ్చి ప్రిన్సి"పాల్" అంటాం. ఆ పా-లో ఉన్న ఆ-కారమే పి-ఏ-ఎల్. పిల్లలకి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. బ్యాంకు అప్పులో "అసలు" కూడా ఈ పి-ఏ-ఎల్ మాటే. ప్రిన్సిపల్ సెక్రటరీ, ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి, ముఖ్య కారణం అన్నప్పుడు ముఖ్య, అన్నీ ఇదే. ముఖ్యమైనది, మొదటిది అనే అర్థం ఎక్కడుంటే అక్కడ పి-ఏ-ఎల్. పి-ఎల్-ఈతో ముగిసేదానికి నియమం, సూత్రం అనే అర్థమే. అది ఎప్పుడూ నామవాచకమే, ఇంకో మాటకి విశేషణంగా ముందు నిలబడదు. చాలా గైడులు "పి-ఏ-ఎల్ అంటే కాలేజీ పెద్ద" అని ఒక్క ముక్కతో వదిలేస్తాయి. అందుకే బ్యాంకు అసలు రాయాల్సి వచ్చినప్పుడు, మనిషి కాదు కదా అని పిల్లలు పి-ఎల్-ఈ వేస్తారు.

స్టేషనరీకి "ఈ ఫర్ ఎన్వలప్" అని చెబుతుంటారు. నాకైతే బేకర్ పద్ధతి నయమనిపిస్తుంది. బేకర్ నడిపేది బేకరీ, గ్రోసర్ అమ్మేది గ్రోసరీ, స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. మూడింట్లోనూ ఈ-ఆర్-వై. ఆగి ఉన్న బండికి వాడే స్టేషనరీ ఏ-ఆర్-వై. ఇలా చెబితే ఒక మాట స్పెల్లింగే కాదు, ఒక తీరు కూడా పట్టుబడుతుంది.

బాహుదా, బరంపురం:

వంశధార గారు చెప్పిన నోటి సంగతికి తోడు ఇంకో గుత్తి ఉంది: సి ఉంటే నామవాచకం, ఎస్ ఉంటే క్రియ.

అడ్వైస్, చివర సి-ఈ, సలహా. అడ్వైజ్, చివర ఎస్-ఈ, సలహా చెప్పడం. డివైస్, సి-ఈ, సాధనం. డివైజ్, ఎస్-ఈ, ఉపాయం పన్నడం. ఈ రెండు జతల్లో స, జ తేడా చెవికి వినిపిస్తుంది. వీటిని ముందు గట్టిచేయండి, ఎందుకంటే తర్వాతి రెండు జతలకి చెవి పనికిరాదు. ప్రాక్టీస్ సి-ఈ అయితే సాధన, ఎస్-ఈ అయితే సాధన చేయడం. లైసెన్స్ సి-ఈ అయితే కాగితం, ఎస్-ఈ అయితే అనుమతి ఇవ్వడం. పలకడం రెండూ ఒకటే. అనుమానమొస్తే ఆ చోట అడ్వైస్, అడ్వైజ్ పెట్టి పలికి చూడమనండి. అర్థం సరిపోకపోయినా ఫరవాలేదు. ఏది ఇముడుతుందో చెవే చెబుతుంది. "ఐ మస్ట్ అడ్వైజ్ డైలీ" ఇమిడింది కాబట్టి అక్కడ ప్రాక్టీస్‌కి ఎస్. "ఐ నీడ్ అడ్వైస్" ఇమిడింది కాబట్టి అక్కడ సి.

రెండు జాగ్రత్తలు. ఇది బ్రిటిష్ పద్ధతి, మన బడి పుస్తకాలు నడిచేది దీనిమీదే. అమెరికా వాళ్ళు లైసెన్స్‌ని రెండు పనులకీ ఎస్‌తో, ప్రాక్టీస్‌ని రెండు పనులకీ సితో రాస్తారు. ఫోన్‌లో స్పెల్లింగు దిద్దే సదుపాయం అమెరికన్ మీద పెట్టి ఉంటే ఒప్పుకి కూడా ఎర్రగీత వేస్తుంది. రెండోది, లైసెన్స్డ్ డీలర్, లైసెన్సీ అనేవి క్రియ నుంచి వచ్చినవి, వాటికి ఎప్పుడూ ఎస్సే. ఇంకో మాట. సలహా అనే అర్థంలో అడ్వైస్‌కి బహువచనం లేదు. మనకి "సలహాలు" ఉన్నాయి కదా అని పిల్లలు చివర ఎస్ తగిలిస్తారు. "సమ్ అడ్వైస్", "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అని రాయించండి. ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, లగేజ్ కూడా ఈ బాపతే.

ఇక అఫెక్ట్, ఎఫెక్ట్. "ఏతో మొదలైతే క్రియ, ఈతో మొదలైతే నామవాచకం" అని అందరూ చెబుతారు. నిజమే గానీ తెలుగు పిల్లాడికి అది సగం సాయమే. మన భాషలో ఈ క్రియ ఒంటి మాట కాదు, "ప్రభావం చూపింది", "ప్రభావం పడింది" అంటాం. ఆ క్రియలోనే నామవాచకం ఇమిడి ఉంది. "మీద" అనే మాట కూడా వెంట వస్తుంది. అందుకే కాపీల్లో "అఫెక్టెడ్ ఆన్" అనే తప్పు కనిపిస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. పిల్లలకి తెలిసిన సంగతే గనుక దాన్నే రెండు విధాలుగా రాయించండి.

ద సైక్లోన్ అఫెక్టెడ్ గజపతి. ఏతో మొదలు, తర్వాత ఆన్ లేదు.
ద సైక్లోన్ హ్యాడ్ ఎ బ్యాడ్ ఎఫెక్ట్ ఆన్ గజపతి. ఈతో మొదలు, ముందు హ్యాడ్ ఉంది, తర్వాత ఆన్ ఉంది.

ఒకే సంగతికి రెండు మూసలు. పిల్లవాడికి ఆన్ కావాలనిపించిందంటే హ్యాడ్ కూడా కావాలి, మాట ఈతో మొదలవ్వాలి. తుఫాను బాధితులకి ఏతో సైక్లోన్-అఫెక్టెడ్ ఫ్యామిలీస్. తెలుగులో "దెబ్బతిన్న" అని పెట్టి చదివితే సరిపోయిన చోటల్లా ఏ.

ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఈతో మొదలైన మాట క్రియగా కూడా వస్తుంది: "టు ఎఫెక్ట్ ద ట్రాన్స్‌ఫర్", "టు ఎఫెక్ట్ పేమెంట్". అప్పుడు అర్థం అమలు చేయడం, జరిపించడం. "విత్ ఎఫెక్ట్ ఫ్రమ్" అంటే ఫలానా తేదీ నుంచి అమలు. పదో తరగతికి ఇది చెప్పకపోయినా నష్టం లేదు, కానీ మీరు తెలిసి ఉండాలి. చురుకైన పిల్ల ఒకతి ఏదో నోటీసు తెచ్చి చూపిస్తే అది తప్పు అనేయకూడదు కదా.

మహేంద్రతనయ:

ఆ "అఫెక్టెడ్ ఆన్" అందరి కాపీల్లోనూ ఉంది. దానికి కారణం తెలుగులోని "మీద" అని ఇప్పుడు తెలిసింది, ధన్యవాదాలు. ఒడియా పిల్లల సంగతి ఎవరైనా చెప్పండి. డిక్టేషన్‌లో వెస్ట్ (వి-ఈ-ఎస్-టి, బనియను) అంటే కొందరు బితో మొదలుపెడుతున్నారు, కొందరు డబ్ల్యూతో. ఒకే మాటకి రెండు రకాల తప్పులు.

ఋషికుల్య, ఛత్రపురం:

ఆ రెండు తప్పులూ రెండు భాషలవి. ఒడియా పలుకులో వ చాలాచోట్ల బ అవుతుంది. మన వాణి అక్కడ బాణి, మన విశ్వ అక్కడ బిశ్వ. ఇంగ్లీషు వోటుని ఒడియాలో భ-కారంతో భోట్ అని రాస్తారు. కాబట్టి బనియను అనే అర్థమున్న వెస్ట్ ఒడియా చెవికి బెస్ట్‌కి దగ్గర. తెలుగులో వ స్పష్టంగానే ఉంది గానీ ఒక్కటే ఉంది. ఇంగ్లీషు వి, డబ్ల్యూ రెండూ అందులోనే పడాలి. అందుకని తెలుగు చెవికి బనియను వెస్టూ పడమర వెస్టూ ఒకటే. మీ ట్యూషన్లో రెండు భాషల పిల్లలూ ఉన్నారు కనుక ఒకే బల్లమీద రెండు తప్పులూ వస్తున్నాయి.

మందు ఒక్కటే: పెదవి. వికి పైపళ్ళు కింది పెదవికి ఆనాలి, గాలి ఒరుసుకుంటూ బయటికి రావాలి. డబ్ల్యూకి పళ్ళు ఎక్కడా తగలకూడదు, ఈల వేసేటప్పటిలా పెదవులు గుండ్రమవ్వాలి. బికి రెండు పెదవులూ పూర్తిగా మూసుకుని తెరుచుకోవాలి. మూడింటినీ అద్దం ముందు చేయించండి. వెస్ట్, వెస్ట్, బెస్ట్. వెట్, వెట్, బెట్. వైన్, వైన్, బైన్ అని వరస కోసం అర్థం లేని మాటలు కల్పించకండి, ఉన్న మాటలు చాలు. మన లిపిలో మొదటి రెండూ ఒకేలా రాయాల్సి వస్తోంది చూడండి, పిల్లవాడి ఇబ్బంది అదే.

రెండోది శ, ష, స. రాతలో మూడూ ఉన్నా ఒడియా పలుకులో మూడూ స. కాబట్టి షేమ్, సేమ్ కలుస్తాయి. షాక్, సాక్ కలుస్తాయి. తెలుగు ఇంట పెరిగిన పిల్లకి ఈ బాధ తక్కువ.

మూడోది అచ్చుల పొడవు. ఒడియా రాతలో హ్రస్వ దీర్ఘాలు ఉన్నా మాటలో ఆ తేడా నిలవదు. ఎ-కారం, ఒ-కారాలకైతే రాతలోనూ హ్రస్వం లేదు. తెలుగుకి ఎ, ఏ రెండూ ఉన్నాయి. ఇది మనకి పెద్ద వరం, బోర్డు మీద వాడుకోండి. టెస్ట్, టేస్ట్. సెల్, సేల్. పెన్, పెయిన్. వెట్, వెయిట్. అన్నిటికంటే ముఖ్యం ఈ మూడు: లెటర్ అంటే ఉత్తరం, ఎల్-ఈ-టి-టి-ఈ-ఆర్. లేటర్ అంటే తర్వాత, ఎల్-ఏ-టి-ఈ-ఆర్. ల్యాటర్ అంటే చెప్పిన రెండింటిలో రెండోది, ఎల్-ఏ-టి-టి-ఈ-ఆర్. తెలుగులో రాసి చూపిస్తే మూడూ మూడు మాటలని కంటికే తెలుస్తుంది. లేటర్‌లో దీర్ఘం ఉంది కాబట్టి ఒక్క టి, మిగతా రెండింటిలో ఇంగ్లీషు పలుకు హ్రస్వం (ల్యాటర్‌కి మన రాతలో దీర్ఘం కనబడినా) కాబట్టి రెండు టిలు. హ్రస్వం తర్వాత హల్లు జంటగా రావడం ఇంగ్లీషులో చాలా మాటల్లో కనిపిస్తుంది: డిన్నర్‌కి రెండు ఎన్‌లు, డైనర్‌కి ఒకటి. హాపింగ్ అంటే ఒంటికాలి గెంతు, రెండు పిలు. హోపింగ్ అంటే ఆశించడం, ఒక పి.

తెలుగు లిపికి చేతకానిది జెడ్. జె, జెడ్ రెండూ మనకి జ-లోనే. అయితే మనకి ఇంకో జ ఉంది. జడ, జల్లెడ, జున్ను అన్నప్పుడు వచ్చే దంత్య జ. జలం జ కాదు, జడ జ. అక్కడ నాలుక పళ్ళ వెనక ఆనుతుంది. ఆనకుండా గాలిని మాత్రం వదిలితే జెడ్ వస్తుంది. లూజ్, అడ్వైజ్, డివైజ్ మాటల చివర ఉండేది ఆ ధ్వనే. ఒడియాలో ఇలాంటి దంత్య జ లేదు గనుక ముందు తెలుగు ఇంటి పిల్లల చేత పలికించి, మిగతావాళ్ళని వినమనండి.

నాగావళి, రాయగడ:

ఆఫీసు మాటల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. ఇక్కడ పొరపాటుకి మార్కులు పోవడంతో సరిపోదు, కాగితమే వెనక్కి వస్తుంది.

డిసీస్డ్, డిజీజ్డ్. వారసత్వ ధృవపత్రం దరఖాస్తులో చనిపోయిన తండ్రి పేరు ముందు డి-ఈ-సి-ఈ-ఏ-ఎస్-ఈ-డి రావాలి. మనవాళ్ళు రోగాన్ని డిసీజ్ అంటారు, మధ్యలో స, చివర జ. అసలు పలుకు డిజీజ్, రెండూ జలే. మన డిసీజ్ సగం అటు, సగం ఇటు ఉండడంతో చేతికి డి-ఐ-ఎస్ వచ్చేస్తుంది. అప్పుడు పోయిన పెద్దాయన రోగిష్టిగా మారతాడు. చనిపోయినవారికి డి తర్వాత ఈ, ఆ తర్వాత సి. అదే దరఖాస్తులో వారసుడు అనే మాట హెచ్‌తో మొదలవుతుంది, హెచ్-ఈ-ఐ-ఆర్, కానీ పలకడం ఎయిర్. హెచ్ వినపడదు గనుక ముందు "ఎ" కాదు, "యాన్" రావాలి.

ఎలిజిబుల్, ఇల్లెజిబుల్. అర్హత ఉన్నది ఈతో మొదలు, ఒక్క ఎల్. చదవడానికి వీల్లేని రాత ఐతో మొదలు, రెండు ఎల్‌లు. లెజిబుల్ అంటే చదవగలిగినది, దానికి ముందు ఐ-ఎల్ చేరి కాదని అర్థమిచ్చింది. లీగల్, ఇల్లీగల్ తెలిసినవాడికి ఇది ఒక్క నిమిషం పని.

కౌన్సిల్, కౌన్సెల్. సభ అయితే సి-ఐ-ఎల్. మన కాశీనగర్ లాంటి ఊళ్ళలో ఉండే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ ఇదే, అందులో సభ్యుడు కౌన్సిలర్ కూడా సితోనే. సలహా, కోర్టులో వాదించే వకీలు, అడ్మిషన్ల కౌన్సెలింగ్, ఇవన్నీ ఎస్-ఈ-ఎల్. వార్డు మెంబరుకి అర్జీ రాస్తూ ఎస్ వేస్తే ఆయన సలహాదారు అయిపోతాడు.

సమ్ అష్యూర్డ్, సమ్ ఇన్ష్యూర్డ్. జీవిత బీమా కాగితంలో మొదటిది ఉంటుంది. ఆరోగ్యం, పంట, బండి బీమాల్లో రెండోది. ఎన్ష్యూర్‌కి బీమాతో పని లేదు. ఒక పని జరిగేలా చూసుకోవడం ఎన్ష్యూర్, మనిషికి మాట ఇచ్చి ధైర్యం చెప్పడం అష్యూర్. అష్యూర్ తర్వాత ఎవరికి అన్నది రావాలి. "అష్యూర్ యు దట్" అంటే సరి, ఊరికే "అష్యూర్ దట్" అంటే వాక్యం కుంటుతుంది.

ఆల్టర్నేట్, ఆల్టర్నేటివ్. డాక్టరు చీటీలో ఆల్టర్నేట్ డేస్ అంటే రోజు విడిచి రోజు. ఆల్టర్నేటివ్ అంటే బదులుగా ఉన్న ఇంకో దారి. ఫారాల్లో ఆల్టర్నేట్ మొబైల్ నంబర్ అని ఉంటుంది, అది అమెరికా వాడుక నుంచి వచ్చింది, అక్కడ అర్థం బదులు నంబరే. ఫారంలో ఉన్నది ఉన్నట్టు నింపితే చాలు. మందుల దగ్గర మాత్రం అర్థం బాగా తెలిసి ఉండాలి.

చివరిగా ఒక గుత్తి, దీన్ని మెట్రిక్ పిల్లలకి తప్పక చెప్పండి: చివర ఓ-ఆర్ లేదా ఈ-ఆర్ ఉంటే చేసేవాడు, ఇచ్చేవాడు. ఈ-ఈ ఉంటే పుచ్చుకునేవాడు. పేయర్ డబ్బు కట్టేవాడు, పేయీ అందుకునేవాడు. లెస్సర్ ఇల్లు అద్దెకో లీజుకో ఇచ్చే యజమాని, లెస్సీ పుచ్చుకున్నవాడు. ఇంతవరకు తేలికే. మార్ట్‌గేజర్, మార్ట్‌గేజీ దగ్గర అందరూ పడిపోతారు. అప్పు ఇచ్చేది బ్యాంకు కదా, కాబట్టి బ్యాంకే మార్ట్‌గేజర్ అనుకుంటారు. కాదు. ఇక్కడ ఇచ్చేది తాకట్టు. పొలం తాకట్టు పెట్టిన రైతు మార్ట్‌గేజర్, ఆ తాకట్టు పుచ్చుకున్న బ్యాంకు మార్ట్‌గేజీ. "ఏది ఇస్తున్నారు" అని ముందు అడిగి, ఆ తర్వాతే మాట ఎంచుకోవాలి.

రెస్పెక్టివ్‌లీ అంటే వరుసగా, ఎవరికి వారికి అని. "రాము, సీతలకి పది, పన్నెండు మార్కులు వరుసగా" అన్నప్పుడు. లేఖ కింద దానికి చోటు లేదు. అధికారికి రాసేటప్పుడు "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అలవాటు చేస్తే ఈ గొడవే రాదు.

వంశధార:

నాగావళి గారి మార్ట్‌గేజర్ వివరం పిల్లలకే కాదు, పెద్దలకీ కావాలి. మాస్టారూ, మీరు అడిగిన "ఏ వరసలో" అన్న ప్రశ్న మిగిలిపోయింది.

జతని ఒకేరోజు పక్కపక్కన పెట్టి చెప్పకండి. గైడులన్నీ చేసే తప్పు అదే. కొత్త మాటలు రెండూ ఒకే క్షణంలో పరిచయమైతే, పిల్లవాడికి ఆ రెండూ ఒక ముద్దగా గుర్తుంటాయి. ఏదో ఒకటి ఏతో, ఇంకోటి ఈతో అని గుర్తుంటుంది గానీ ఏది ఏదో గుర్తుండదు. మొదట ఎక్కువ వాడే మాట ఒక్కటే ఇవ్వండి. ఎఫెక్ట్ అయితే ఎఫెక్ట్, అయిదు వాక్యాలు, రెండు మూడు రోజులు. అది స్థిరపడ్డాక, కనీసం వారం ఆగి, అఫెక్ట్ తీసుకురండి. ఖాళీలు పూరించే అభ్యాసం రెండూ వచ్చాకే. వారానికి మూడు కొత్త మాటలు మించితే పాత పట్టీకీ దీనికీ తేడా ఉండదు. ఏడాదికి అరవై, డెబ్భై మాటలు నిలిచినా మెట్రిక్‌కి బోలెడు.

కాపీలో రెండు కాగితాలు దీనికే కేటాయించి నిలువుగా రెండు గీతలు గీయించి మూడు గడులు చేయించండి. మొదటి గడిలో పిల్లవాడు తాను రాసిన తప్పు వాక్యం, రెండో గడిలో దిద్దిన వాక్యం, మూడో గడిలో ఎందుకు తప్పిందో ఒక్క ముక్క: "పలుకు", "మీద", "నామవాచకం" ఇలా. నెల తిరిగేసరికి మూడో గడి చూస్తే ఆ పిల్లకి ఏ రకం తప్పు ఎక్కువో మీకే తెలుస్తుంది. ఎవరికి ఏది చెప్పాలో పట్టీ చెప్పదు, ఆ గడి చెబుతుంది.

తెలుగు నేరుగా సాయపడే రెండు జతలు కూడా ఇస్తున్నాను. రైజ్, రెయిజ్ అనే జతకి మన పెరుగు, పెంచు ఉన్నాయి. ధర పెరిగింది, రైజ్, ఆర్-ఐ-ఎస్-ఈ. ధర పెంచారు, రెయిజ్, ఆర్-ఏ-ఐ-ఎస్-ఈ. లేచు, లేపు పెట్టినా సరిపోతుంది. లై, లే అనే జతకి పడుకొను, పడుకోబెట్టు. పడుకోవడం లై, గతంలో లే. ఉంచడం లే, గతంలో లెయిడ్. ఒకదాని గతకాలం ఇంకోదాని వర్తమానంలా కనబడడం వల్ల ఇది ఇంగ్లీషు వాళ్ళకే కష్టం, కాబట్టి చివర్లో చెప్పండి.

బాహుదా:

ఇంకో జత, మన ఊళ్ళకి బాగా నప్పేది. హిస్టారిక్, హిస్టారికల్. చరిత్రని మలుపు తిప్పిన సంఘటన హిస్టారిక్. పాతకాలానికి సంబంధించినది ఏదైనా హిస్టారికల్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమవడం, పర్లాకిమిడి అందులో చేరడం హిస్టారిక్. ఆనాటి సర్వే పటం, పాత రెవెన్యూ రికార్డు హిస్టారికల్. తెలుగులో చరిత్రాత్మక, చారిత్రక అని పెట్టి చూడండి. క్లాసిక్, క్లాసికల్ కూడా ఈ తోవే. కేంద్రం తెలుగుకి 2008లో, ఒడియాకి 2014లో ఇచ్చిన హోదా క్లాసికల్, అంటే ప్రాచీన సంప్రదాయం ఉన్నది. ఎన్నాళ్ళైనా వన్నె తగ్గని మంచి పుస్తకం క్లాసిక్.

ఎకనామిక్, ఎకనామికల్ దగ్గర ఒక మెలిక. డబ్బు వ్యవహారానికి సంబంధించినది మొదటిది, పొదుపైనది రెండోది. కానీ ఈ రెండింటికీ క్రియావిశేషణం ఒక్కటే, ఎకనామికల్లీ. అందుకే "ఎకనామికల్లీ వీకర్ సెక్షన్" అన్న ధృవపత్రం పేరు సరైనదే, అందులో పొదుపు అర్థం లేదు. పిల్లలు ఆ పేరు చూసి "ఎకనామికల్ ప్రాబ్లమ్" అని రాసేస్తారు. అక్కడ ఎకనామిక్ ఉండాలి.

మహేంద్రతనయ:

రేపటి నుంచి ఒక్క మాటతోనే మొదలుపెడుతున్నాను. లూస్‌కి మొదటి వారం, పలకడం మాత్రమే, రాయడం లేదు. ఒక్క సందేహం. ఒడియా పిల్లలకి మనలా "లూజు" అలవాటు ఉందా, లేక వాళ్ళకి వేరే దారి పెట్టాలా?

ఋషికుల్య:

ముందు ఆ పిల్లల చేత ఒక వదులు చొక్కా గురించి రెండు వాక్యాలు మాట్లాడించి వినండి. జతో అంటే మన పిల్లలతో కలిపి కూర్చోబెట్టండి. సతో అంటే పలుకు పాఠం అక్కర్లేదు, నేరుగా ఓల లెక్కకి వెళ్ళిపోవచ్చు. ఆ పిల్లలకి అడ్వైస్, అడ్వైజ్ దగ్గర చివరి జ పలికించడం మీద ఆ వారం ఖర్చుపెట్టండి.